ఫ్లాక్‌ఫైల్ పెట్టినా లాగ్‌లో లైన్లు ముక్కలవుతున్నాయి, రాత్రి నుంచి ఇదే పని

గాజువాక కాటా:
నిన్న రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు తెల్లవారింది. లారీల కాటాకి సీ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం ఇది. నాలుగు గేట్లకి నాలుగు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు). ప్రతి తూకానికీ మూడు ఎఫ్‌ప్రింట్ఎఫ్‌లు, అంటే ఫైల్లోకి రాసే ఫంక్షన్‌కి మూడు పిలుపులు: గేటు, బండి నంబరు, బరువు. మూడూ కలిసి రావాలని ముందు ఫ్లాక్‌ఫైల్ (లాక్ వేసేది), చివర ఫన్‌లాక్‌ఫైల్ (లాక్ తీసేది) పెట్టాను. అయినా తూకాలు రాసుకునే లాగ్ ఫైలు ఇలా ఉంది:

గేటు=3 బండి=ఏపీ31టీగేటు=1 బండి=ఏపీ39 బరువు=18240

మూడో గేటు బండి సగంలో ఆగిపోయింది. మిగతా సగం నలభై లైన్ల కింద దొరికింది. చిత్రం ఏంటంటే టెర్మినల్‌లో ప్రింట్ చేస్తే ఒక్క తప్పూ లేదు, ఫైల్లోనే ఈ గోల. పొద్దున పదింటికి ఓనరు వస్తాడు. ఫ్లాక్‌ఫైల్ పనిచెయ్యదా అసలు?

తాటిచెట్లపాలెం:
కోడ్ పెట్టు.

ఉక్కునగరం పెద్దాయన:
బాబూ, లాక్ సంగతి తర్వాత. కాటా లెక్కలంటున్నావు, డబ్బుతో పని. ఎఫ్‌ఫ్లష్ తర్వాత ఎఫ్‌సింక్ (డిస్క్ మీద రాయించేది) చేస్తున్నావా లేదా? చాలామంది ఎఫ్‌ఫ్లష్ అంటే డిస్క్ మీద పడిపోయిందనుకుంటారు. అది నీ ప్రోగ్రాం రాతని పోగుచేసుకునే బఫర్లోంచి కెర్నెల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టం లోపలి భాగానికి ఇస్తుంది, అంతే. కెర్నెల్ తీరిగ్గా రాస్తుంది. ఆలోపు కరెంటు పోతే ఆ తూకాలు గోవిందా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ దెబ్బకి తెలిసొచ్చింది నాకు. యూపీఎస్ ఉందని ధీమా వద్దు, దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడుగు ముందు.

మద్దిలపాలెం మాస్టారు:
ఒక సందేహం. ఎఫ్‌ప్రింట్ఎఫ్ ఎలాగూ థ్రెడ్ సేఫే కదా (ఒకేసారి చాలా థ్రెడ్లు పిలిచినా పాడవదు), సీ11 స్టాండర్డ్‌లోనే ప్రతి స్ట్రీమ్‌కీ (ప్రోగ్రాం తెరిచిన ఫైలుకీ) సొంత లాక్ ఉంటుందని రాశారు. మళ్లీ పైన లాక్ ఎందుకు?

సీతమ్మధార:
మాస్టారూ, ఒక్క పిలుపు వరకే సేఫ్. ఆర్టీసీ బస్సులో ఒక్కొక్కరు తోసుకోకుండా ఎక్కినంత మాత్రాన ఇంటిల్లిపాదికీ పక్కపక్క సీట్లు దొరకవు కదా. వాళ్లంతా ఎక్కేదాకా ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడాలి, ఆ నిలబడేదే ఫ్లాక్‌ఫైల్. మూడు పిలుపులున్నాయి కాబట్టి ఆయన పెట్టడం కరెక్టే. పోతే ఈ ఫంక్షన్ సీ స్టాండర్డ్‌లోది కాదు, యూనిక్స్ రకం సిస్టంలకి ఉన్న పోసిక్స్ స్టాండర్డ్‌లోది.

ఎంవీపీ కాలనీ:
ఫ్లాక్ అడ్వైజరీ లాక్ కదా, అందరూ పాటిస్తేనే పనిచేస్తుంది. అదే ప్రాబ్లం అయ్యుంటుంది.

సీతమ్మధార:
అయ్యో, ఫ్లాక్ వేరు, ఫ్లాక్‌ఫైల్ వేరండీ. ఫ్లాక్ అన్నది ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకి కెర్నెల్ ఇచ్చే నంబరు) మీద కెర్నెల్ వేసే లాక్, మామూలుగా ప్రాసెస్‌ల మధ్య, అంటే విడివిడిగా నడిచే ప్రోగ్రాంల మధ్య వాడతారు. ఫ్లాక్‌ఫైల్ మన ప్రోగ్రాం లోపల ఫైల్ పాయింటర్ (ఫైలు తెరిస్తే చేతికొచ్చేది) మీద థ్రెడ్ల మధ్య. పేర్లు పెట్టినవాళ్లననాలి. నేనైతే కాలేజీలో ఆ లాక్ తీసే ఫంక్షన్‌ని ‘ఫన్ లాక్‌ఫైల్’ అని చదివి ఇదేం సరదా అనుకున్నాను. అది ఎఫ్-అన్‌లాక్-ఫైల్.

ఎంవీపీ కాలనీ:
పేరులో లాక్ ఉంది, ఫైల్ ఉంది, మనిషన్నవాడు ఏమనుకుంటాడు? తెలుగులో ‘ప్రవాహ తాళం’, ‘దస్త్రపు తాళం’ అని రెండు మాటలు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

తాటిచెట్లపాలెం:
ఎఫ్‌ఓపెన్ (ఫైలు తెరవడం) ఎక్కడ చేశావ్? అది చెప్పు ముందు.

గాజువాక కాటా:
థ్రెడ్ ఫంక్షన్‌లో, మొదట్లోనే. ‘ఏ’ మోడ్‌లో (ఫైలు చివర చేర్చేది). నాలుగు థ్రెడ్లూ అదే ఫైల్‌నే తెరుస్తాయండీ, వేర్వేరు ఫైళ్లు కావు. అందుకే చెప్పలేదు.

తాటిచెట్లపాలెం:
అదే తప్పు. లాగ్ ఖాళీగా మొదలుపెట్టి నడిపి, హెడ్ -సీ 4096 కొట్టి మొదటి 4096 బైట్లు చూడు.

గాజువాక కాటా:
కొట్టాను. సరిగ్గా ‘ఏపీ31టీ’ దగ్గర ఆగింది!! ఎలా తెలిసింది?

సీతమ్మధార:
ఎఫ్‌ఓపెన్ చేసిన ప్రతిసారీ కొత్త ఫైల్ పాయింటర్, దానికి సొంత బఫరు, సొంత లాక్. నాలుగిళ్లకి నాలుగు తాళాలేసుకుని వీధిలో తగవు ఆగలేదంటే ఎలాగండీ? డిస్క్ మీద ఫైలుకి బఫర్ లైనుకి ఖాళీ అవ్వదు, నిండాకే అవుతుంది. లైనక్స్‌లో అది మామూలుగా 4096 బైట్లు. ఎవరి బఫరు నిండితే వాళ్లది లైను మధ్యలోనైనా సరే వెళ్లి ఫైలు చివర పడుతుంది. టెర్మినల్‌లో తప్పు లేకపోడానికి కారణమూ అదే, అక్కడ అందరికీ తెర మీదకి వెళ్లే స్ట్రీమ్ ఒకటే, ఎస్‌టీడీఅవుట్.

ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌లో ఒక్కసారి తెరిచి ఆ పాయింటరే నాలుగు థ్రెడ్లకీ ఇవ్వండి. ఇంకా తేలిక దారి కావాలంటే లైనంతా ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్‌తో లోకల్ అర్రేలో కట్టి ఒక్క ఎఫ్‌పుట్ఎస్‌తో వదలండి. అప్పుడు ఫ్లాక్‌ఫైల్ అవసరమే పడదు. పాయింటరు మాత్రం అప్పుడూ ఒకటే ఉండాలి.

ఎంవీపీ కాలనీ:
నేను చెప్పిన ఫ్లాక్ వాడినా సరిపోయేదిగా మరి. నాలుగుసార్లు విడివిడిగా తెరిచాడు కాబట్టి థ్రెడ్ల మధ్య కూడా అడ్డుకుంటుంది.

సీతమ్మధార:
అడ్డుకుంటుంది, ఒప్పుకుంటున్నాను. కానీ లాక్ వదిలేముందు ప్రతిసారీ ఎఫ్‌ఫ్లష్ చెయ్యాలి, లేకపోతే బఫరు లాక్ లేని టైములో ఖాళీ అవుతుంది. కెర్నెల్‌దే ఇంకో రకం, ఎఫ్‌సీఎన్‌టీఎల్ లాక్ అయితే అసలు వద్దు, అది ప్రాసెస్ పేరు మీద ఉంటుంది, సొంత థ్రెడ్లని ఆపదు.

గాజువాక కాటా:
ఒక్క పాయింటర్ చేశాను, ఫ్లాక్‌ఫైల్ ఉంచాను. లైన్లు బాగున్నాయి. కానీ పది నిమిషాలకి మొత్తం బిగుసుకుపోయింది! ఇంతకుముందు ఎప్పుడూ ఇలా కాలేదు. టెన్షన్ వచ్చేస్తోంది.

తాటిచెట్లపాలెం:
జీడీబీ (డీబగ్గర్) తగిలించి ‘థ్రెడ్ అప్లై ఆల్ బీటీ’ కొట్టు, ఏ థ్రెడ్ ఎక్కడుందో చూపిస్తుంది.

గాజువాక కాటా:
మూడు థ్రెడ్లు ఫ్లాక్‌ఫైల్‌లో నిలబడ్డాయి. రెండో గేటుది మాత్రం కాటా పోర్టు రీడ్ దగ్గర ఉంది.

సీతమ్మధార:
రెండో గేటు లాక్ పట్టుకునే బయటికి వచ్చేసిందన్నమాట. ఫ్లాక్‌ఫైల్‌కీ ఫన్‌లాక్‌ఫైల్‌కీ మధ్యలో రిటర్న్ ఉందా?

గాజువాక కాటా:
ఉంది. బరువు సున్నా వస్తే రిటర్న్. మొదటి రోజు నుంచీ ఉంది.

సీతమ్మధార:
ఇన్నాళ్లూ ఎవరి లాక్ వాళ్లదే కదా. పైగా అది లెక్కపెట్టే లాక్, పట్టుకున్న థ్రెడ్డే మళ్లీ అడిగితే ఆపదు, లెక్క పెంచుతుందంతే. అందుకే బయటపడలేదు. సున్నా చెకింగ్ ఫ్లాక్‌ఫైల్ కంటే పైకి జరపండి.

ఉక్కునగరం పెద్దాయన:
ఎఫ్‌సింక్ గురించి ఎవరూ మాట్లాడరేం?

గాజువాక కాటా:
జరిపాను, గంట నుంచి నడుస్తోంది. థాంక్స్ అండీ అందరికీ. ఓనరు వచ్చేశాడు, ఉంటాను.

మద్దిలపాలెం మాస్టారు:
ఇదే ప్రోగ్రాంలో మధ్యలో ఫోర్క్ చేస్తే (ప్రాసెస్‌కి ఇంకో కాపీ పుట్టిస్తే) ఆ బఫర్ల సంగతేంటి, రెండుసార్లు పడతాయా?

ఎంవీపీ కాలనీ:
‘ప్రవాహ తాళం’ అన్నదానికి ఎవరూ ఏమీ చెప్పలేదు.