ముద్రణ పనులకు స్పెషలిస్టును పెట్టుకోవాలా, నేరుగా ప్రెస్‌కే ఇవ్వాలా?

బడి_కొనుగోళ్లు:
మాది 14 బ్రాంచీల స్కూళ్ల గ్రూపు. హైదరాబాద్‌లో 9, విజయవాడ, గుంటూరు వైపు 5. ముద్రణ ఖర్చు ఏడాదికి 40 లక్షల దాకా అవుతోంది. స్కూలు డైరీలు 9,500, ప్రాస్పెక్టస్‌లు 20 వేలు, ఇవి కాక ప్రోగ్రెస్ కార్డులు, జవాబు పుస్తకాలు, క్యాలెండర్లు, సర్టిఫికెట్లు. ఏ బ్రాంచికి ఆ బ్రాంచి దగ్గర్లోని ప్రెస్‌లో వేయించుకుంటోంది. లోగో నీలం ఒక్కో బ్రాంచిలో ఒక్కో రకంగా వస్తోంది. ఈ పనులన్నీ ఒకచోట చూసుకోవడానికి ప్రింట్ మేనేజ్‌మెంట్ స్పెషలిస్టును పెట్టుకోవాలా, మూడు కొటేషన్లు తీసుకుని ప్రెస్‌కే ఇస్తే సరిపోతుందా? ఆఫీసు ప్రింటర్లు, టోనర్ల కాంట్రాక్టు సంగతి కాదు, బయట వేయించే పనుల సంగతే. పని తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

ప్రెస్_చిక్కడపల్లి:
నేరుగా ప్రెస్‌కే ఇవ్వండి. మధ్యలోకి ఇంకో మనిషి వస్తే ఆయన వాటా ఎక్కడినుంచో రావాలి కదా. అది కాగితంలోంచో బైండింగ్‌లోంచో వస్తుంది. ఏడాది పనంతా ఇస్తామని ఒక ప్రెస్‌తో మాట్లాడుకుంటే మీ నీలం ఇంకు కలిపి డబ్బాలో ఉంచుకుంటారు, సీజన్ రాకముందే కాగితం తెచ్చి పెట్టుకుంటారు, ఫైల్ చూసే మనిషి ఎలాగూ ప్రెస్‌లోనే ఉంటాడు. 40 లక్షల పనికి వేరే జీతం దండగ. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నోటు పుస్తకాలు, పాఠ్యపుస్తకాలతో మెషిన్లు తీరిక లేకుండా నడుస్తాయి. మార్చిలో ఫైల్ ఇచ్చినవాళ్ల డైరీలే వేళకు చేతికొస్తాయి.

ప్రీప్రెస్_గవర్నర్‌పేట:
సీజన్ గురించి ప్రెస్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. చిక్కంతా ఆ మూడు కొటేషన్ల దగ్గరే ఉంది. "స్కూలు డైరీ, 160 పేజీలు, 9,500 కాపీలు, రేటెంత?" అని అడిగితే మూడు ప్రెస్‌లు మూడు వేర్వేరు వస్తువులకు రేటు చెబుతాయి. ఒకరు 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మాప్‌లిథో, అంటే పూత లేని మామూలు రాత కాగితం అనుకుంటారు, ఇంకొకరు 60. ఒకరు కుట్టు బైండింగ్ అనుకుంటారు, ఇంకొకరు గమ్. అందరికంటే తక్కువ చెప్పినవాళ్లు చాలాసార్లు అందరికంటే తక్కువ సరుకు అనుకున్నవాళ్లే.

లెక్క వేద్దాం. డెమీ 1/8 (మామూలు పుస్తకం) సైజుకు 23×36 అంగుళాల షీట్‌లో 16 ఆకులు, అంటే 32 పేజీలు వస్తాయి. 160 పేజీలకు కాపీకి 5 షీట్లు. 9,500 కాపీలకు 47,500 షీట్లు, రీముకు 500 చొప్పున 95 రీములు. వేస్టేజీ 3 శాతం కలిపితే 98. రీము బరువు తెలియాలంటే షీటు పొడవు, వెడల్పు అంగుళాల్లో తీసుకుని, జీఎస్‌ఎంతో గుణించి, 3100తో భాగించాలి. 70 జీఎస్‌ఎం అయితే 18.7 కిలోలు, 60 అయితే 16 కిలోలు. 98 రీముల మీద తేడా 260 కిలోల పైమాటే. కిలో 80 రూపాయలు అనుకున్నా ఒక్క డైరీ పనిలోనే 21 వేలు.

ఈ తేడా చేత్తో పట్టుకుంటే తెలియదు. 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు పది కోసి బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టండి. పదీ కలిపి 7 గ్రాములు తూగితే అది 70 జీఎస్‌ఎం. 6.8 వస్తే మిల్లులో వచ్చే తేడా, వదిలేయొచ్చు. 6.2 వస్తే సరుకు దించుకోకూడదు.

కాగితం గ్రెయిన్, అంటే నారలు సాగే దిశ కూడా చూడాలి. ఈ సైజులో డైరీ వెన్ను 36 అంగుళాల వైపుకు సమాంతరంగా పడుతుంది కాబట్టి గ్రెయిన్ కూడా ఆ వైపే ఉండాలి. అడ్డంగా ఉన్న కాగితం వాడితే డైరీ పూర్తిగా తెరుచుకోదు, వెన్ను దగ్గర ఆకులు అలల్లా లేస్తాయి. ముక్క చింపి ఒక పక్క తడిపితే గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ వైపో గ్రెయిన్ ఆ వైపు.

ఇక తెలుగు అక్షరాలు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు కొన్ని గుణింతాలు జారిపోతాయి. పేజీలు సర్దే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు విడిపోయి "స్త్రీ" మూడు ముక్కలవుతుంది. అందుకే ప్రూఫ్ దిద్దాల్సింది వర్డ్ ఫైల్‌లో కాదు, అక్షరాలు కర్వ్స్‌గా (గీతల బొమ్మలుగా) మారాక వచ్చిన చివరి పీడీఎఫ్‌లో. చాలాచోట్ల తెలుగు టీచర్ వర్డ్ ఫైల్ దిద్ది ఊరుకుంటారు, తప్పులు ఆ తర్వాతే దూరతాయి.

ఇవన్నీ ఒక పేజీ స్పెసిఫికేషన్‌గా రాసి, అదే కాగితాన్ని అన్ని ప్రెస్‌లకూ పంపి, సరుకు వచ్చాక అదే కాగితం పట్టుకుని తనిఖీ చేసే మనిషి మీకు కావాలి. రేట్ల బేరం ఎవరైనా ఆడగలరు.

డిజైన్_డెస్క్:
నీలం ఎందుకు మారుతోందో చెబుతాను. మీ నీలం సయాన్ (లేత నీలం), మెజెంటా (గులాబీ ఎరుపు) కలిపి వస్తున్నదైతే మెషిన్ మీద మెజెంటా కాస్త ఎక్కువైతే చాలు, వంకాయ రంగులోకి జారుతుంది. దానికి తోడు అదే ఇంకు నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపర్ మీద మెరుస్తుంది, మాప్‌లిథో పీల్చుకుని మసకబారుతుంది. ప్రాస్పెక్టస్ పక్కన డైరీ పెట్టి "రంగు తప్పు" అంటే ప్రెస్‌వాళ్లు మాత్రం ఏం చేస్తారు? లోగోకు ఒక స్పాట్ కలర్ (ముందే కలిపి ఉంచే ప్రత్యేక ఇంకు) నంబర్ ఖాయం చేయండి. ఆర్ట్ పేపర్‌కు ఒక నమూనా, మాప్‌లిథోకు ఒక నమూనా వేయించి సంతకం చేసి ప్రతి ప్రెస్‌కూ ఇవ్వండి. డిజిటల్‌లో వేసే సర్టిఫికెట్లకు మూడో నమూనా.

ప్రాస్పెక్టస్‌లో చిన్న నల్ల అక్షరాలను 10 రెట్ల లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూడండి. అక్షరం అంచున ఒక పక్క ఎర్రటి నూలుపోగు లాంటి గీత, ఇంకో పక్క నీలి గీత కనిపిస్తే నలుపు నాలుగు రంగులతో వేశారని అర్థం. ఆర్‌జీబీ (తెర రంగుల) ఫైల్‌ను అలాగే ముద్రణ రంగుల్లోకి మార్చేస్తే జరిగేది ఇదే. ఏ మెషిన్ మీదైనా రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడటం) వెంట్రుకవాసి కదిలితే అక్షరం మసకగా కనిపిస్తుంది. నలుపు అక్షరం కె 100 (నల్ల ఇంకు ఒక్కటే) మాత్రమే ఉండాలి, కింది రంగు మీదే నలుపు పడేలా ఓవర్‌ప్రింట్ పెట్టాలి. ఈ ఒక్కటీ చూసేవాళ్లు లేకే 20 వేల కాపీలు మసకగా వస్తాయి.

ప్రింట్_సర్వీసెస్_హైదరాబాద్:
మేం బ్రోకర్లం, పని మా పేరుమీద తీసుకుని ప్రెస్‌లలో వేయిస్తాం. మధ్యవాళ్ల వాటా గురించి మా వైపు మాట కూడా వినండి. స్కూళ్లు బిల్లు ఇచ్చిన 60, 90 రోజులకు డబ్బిస్తాయి. ప్రెస్‌కు కాగితం అడ్వాన్సు మొదటిరోజే కావాలి. ఆ మధ్య రోజులు పెట్టుబడి మోసేది మేమే. ఒకే ప్రెస్‌కు అన్నీ ఇవ్వమనడం కూడా సరికాదు ప్రెస్ యజమాని గారూ. 300 సర్టిఫికెట్లు డిజిటల్ పని. 20 వేల ప్రాస్పెక్టస్ 28×40 అంగుళాల షీటు పట్టే మెషిన్ పని. లక్షల్లో జవాబు పుస్తకాలుంటే వెబ్ ఆఫ్‌సెట్ (రోల్ కాగితం మీద వేసే మెషిన్). క్యాలెండర్లకు శివకాశి. అక్కడ వచ్చే ఏడాది శాంపిల్ ఆల్బమ్‌లు తమిళుల ఆడి మాసంలో, ఆగస్టు మొదట్లోనే బయటికొస్తాయి. నవంబర్‌లో అడిగితే మిగిలిన డిజైన్లే దొరుకుతాయి. ఒకే ప్రెస్‌కు అన్నీ ఇస్తే తన దగ్గర లేని మెషిన్ పనిని ఆ ప్రెస్ కూడా బయటికే పంపుతుంది, మీకు తెలియకుండా.

ఖాతాల_పుస్తకం:
స్కూళ్ల విషయంలో ఇక్కడో ముఖ్యమైన తేడా ఉంది. పన్నెండో తరగతి దాకా బడి చదువుకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది. అందువల్ల మీరు కట్టిన జీఎస్‌టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, పన్నంతా ఖర్చే. మామూలు కంపెనీకి బ్రోకర్ బిల్లు మీద పన్ను తిరిగొస్తుంది. మీకు బ్రోకర్ వాటా ఒక ఖర్చు, ఆ వాటా మీద పన్ను ఇంకో ఖర్చు. కొటేషన్లు పోల్చేటప్పుడు పన్నుతో కలిపిన మొత్తాలే పోల్చండి.

ప్రెస్ ఏ పద్దు కింద బిల్లు వేస్తోందో కూడా అడగండి. 2017 అక్టోబర్ 20 నాటి 11వ నంబర్ జీఎస్‌టీ సర్క్యులర్ ప్రకారం పుస్తకాలు, కరపత్రాలు, బ్రోచర్ల లాంటి వాటిలో మ్యాటర్ మీది, కాగితం ప్రెస్‌ది అయితే అది సేవ. ఉత్తరాల కవర్లు, ప్రింటు వేసిన పెట్టెలు అయితే సరుకు. పరీక్షల నిర్వహణకు సంబంధించిన సేవలకు వేరే మినహాయింపు ఉంది కాబట్టి ప్రశ్నపత్రాల ముద్రణను డైరీల బిల్లులో కలపనివ్వకండి, విడి బిల్లు తీసుకుని మీ ఆడిటర్‌కు చూపించండి.

బడి_కొనుగోళ్లు:
స్పెసిఫికేషన్, తనిఖీ రెండూ కావాలని అర్థమైంది. ఆ మనిషిని జీతానికి పెట్టుకోవాలా, పనికింతని ఫీజు ఇవ్వాలా, లేక బ్రోకర్‌కే అప్పగించాలా?

ప్రీప్రెస్_గవర్నర్‌పేట:
నెలకు 50 వేల జీతం అనుకున్నా ఏడాదికి 6 లక్షలు, మీ 40 లక్షల్లో 15 శాతం. పని గట్టిగా ఉండేది డిసెంబర్ నుంచి మే దాకానే. కాబట్టి జీతం వద్దు. ఖర్చులో ఇంత శాతమని కూడా ఇవ్వకండి, ఖర్చు పెరిగితే ఆయన ఫీజూ పెరుగుతుంది, తగ్గించాలని ఎందుకు చూస్తారు? డైరీకి ఇంత, ప్రాస్పెక్టస్‌కు ఇంత అని ముందే మొత్తం మాట్లాడుకోండి. ప్రెస్ నుంచి కమీషన్ తీసుకోనని రాయించుకోండి. కొటేషన్లు స్కూలు మెయిల్‌కే రావాలి, ప్రెస్ బిల్లు స్కూలు పేరుమీదే ఉండాలి.

ప్రింట్_సర్వీసెస్_హైదరాబాద్:
అలాగైతే రేపు 9,500 డైరీల్లో ఆకులు ఊడిపోతే ఫీజు తీసుకున్న మనిషి మళ్లీ వేయించి ఇస్తారా? మేం ఇస్తాం, బిల్లు మా పేరుమీద ఉంటుంది కాబట్టి బాధ్యతా మాదే. ఫీజు మనిషి సలహా చెప్పి వెళ్లిపోతారు.

ప్రీప్రెస్_గవర్నర్‌పేట:
న్యాయమైన ప్రశ్నే. ఆయన వేయించి ఇవ్వరు, ప్రెస్ ఇవ్వాలి. వర్క్ ఆర్డర్‌లో ఆ షరతు ఉండాలి, డబ్బు దానికి తగ్గట్టు ఆగాలి. 40 శాతం అడ్వాన్సు, సరుకు దిగాక 45, మిగతా 15 నెల తర్వాత. స్పెషలిస్టు ఫీజులో కూడా పావువంతు అప్పటిదాకా ఆపండి. కానీ 90 రోజులు డబ్బివ్వకుండా ఉండే స్కూలుకు ఈ షరతులు పెట్టే హక్కు లేదు. వేళకు చెల్లించలేకపోతే బ్రోకర్‌తో వెళ్లడమే నిజాయతీ గల దారి, ఆ అరువుకు వాటా రూపంలో వడ్డీ కడుతున్నామని తెలిసి కట్టండి.

బైండింగ్_షెడ్:
అందరూ మెషిన్ దగ్గరే నిలబడతారు, షెడ్‌కు ఎవరూ రారు. పిల్లల డైరీ సంచిలో ఏడాది తిరుగుతుంది, గమ్ బైండింగ్ ఆగదు. 160 పేజీలకు సెంటర్ పిన్ కొడితే లోపలి ఆకులు బయటికి పొడుచుకొస్తాయి. ఫారాలు (ఒక్కో షీటుకు వచ్చే 32 పేజీల భాగాలు) మడిచి దారంతో కుట్టించండి. ప్రతి ఫారం వెన్ను మీద ఒక నల్లగీత మెట్టు మెట్టుగా దిగేలా ప్లేట్‌లోనే వేయించండి. కట్టలు పేర్చినప్పుడు ఆ మెట్లు ఒకే వాలులో కనిపిస్తాయి, ఫారం తప్పినా తారుమారైనా ఆ కాపీ దగ్గర గీత విరిగి దూరం నుంచే తెలుస్తుంది.

కవర్ 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డ్ అయితే మడతకు ముందు క్రీజింగ్ (మడత గీత మీద గాడి నొక్కడం) తప్పనిసరి, లేకపోతే మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత పడుతుంది. ముదురు నీలం నిండుగా ఉన్న కవర్‌ను ఇంకు ఆరకముందే లామినేషన్‌కు పంపితే వెండి చుక్కలు తేలతాయి. ఒకరోజు ఆరనివ్వండి, స్ప్రే పౌడర్ తక్కువ వాడమనండి.

ఇంకోటి, సెలవుల జాబితా. ప్రభుత్వ విద్యా క్యాలెండర్ బడులు తెరిచే వేళకు గానీ రాదు. ఆ పేజీలన్నీ ఒకే ఫారంలోకి వచ్చేలా సర్దితే మిగతా 4 ఫారాలు ఏప్రిల్‌లోనే వేసుకోవచ్చు. అదీ కుదరకపోతే 4 పేజీల విడి కాగితం వేసి లోపల అంటించండి.

ప్రెస్_చిక్కడపల్లి:
ఫీజు పద్ధతికి నాకు అభ్యంతరం లేదు, స్పెసిఫికేషన్ రాసి వస్తే ప్రెస్‌కే సుఖం. ఒక్కటి మాత్రం చూడండి. మెషిన్ పక్కన నిలబడే మనిషికి షీటు మీద సంతకం పెట్టే అధికారం ఇచ్చి పంపండి. ఫొటో తీసి వాట్సాప్‌లో ప్రిన్సిపాల్‌కు పంపి జవాబు కోసం చూస్తే మెషిన్ ఆగుతుంది, ఇంకు, నీటి సమతూకం చెడుతుంది, మళ్లీ మొదలుపెట్టినప్పుడు రంగు మారుతుంది. ఫోన్ తెరమీద నీలం చూసి ఒప్పుకోవడం, కాదనడం రెండూ తప్పే. సంతకమైన షీట్లు మూడు తీయండి. ఒకటి మెషిన్ దగ్గర, ఒకటి స్కూలుకు, ఒకటి షెడ్‌కు.

బడి_కొనుగోళ్లు:
కట్టలు విప్పి చూడాల్సింది ఎన్ని?

బైండింగ్_షెడ్:
50 కాపీల కట్టలైతే 190 కట్టలు. బ్రాంచికి రెండు కట్టల చొప్పున 28 విప్పండి. పై కాపీ, కింది కాపీ వదిలేసి మధ్యలోంచి ఐదేసి తీయండి. పేజీలు వరుసగా ఉన్నాయో లేదో తిప్పి చూడండి, మధ్య ఆకు పట్టుకుని డైరీని గాల్లో వేలాడదీయండి. 140 కాపీల్లో మూడింటికి మించి తప్పు కనిపిస్తే మొత్తం సరుకు షెడ్‌కే తిప్పి పంపండి, మళ్లీ ఏరడం షెడ్ పని. ఈ అంకె కూడా వర్క్ ఆర్డర్‌లో ముందే రాసి ఉండాలి.