అనంతపురం జిల్లాలో అల్పాకాల పెంపకం సాధ్యమేనా?

ప్రశ్న (కళ్యాణదుర్గం దగ్గరి రైతు):
మాకు ఆరెకరాల మెట్ట ఉంది. వేరుశనగ వరుసగా దెబ్బతీశాక, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, నేను, ఇంట్లోని ఆడవాళ్లు కలిసి ఉన్ని కోసం పది అల్పాకాలను (దక్షిణ అమెరికాలో పెంచే ఉన్ని జంతువులను) పెంచాలని ఆలోచిస్తున్నాము. ఆ ఉన్ని చాలా మెత్తగా ఉంటుందని, గొర్రె ఉన్నిలో ఉండే జిడ్డు అందులో ఉండదని తమ్ముడు చదివాడు. బోరు నీటితో ఎకరంలో పచ్చిమేత వేయగలము. మా అమ్మ మాత్రం చుట్టుపక్కల ఎవరూ ఎరుగని జీవాన్ని ఇంటికి తేవద్దంటోంది. ఈ జంతువు మన ఎండలను తట్టుకుంటుందా? ఎలా తెప్పించుకోవాలి? తెలిసిన పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం (పదవీ విరమణ చేసిన పశువైద్యుడు):
మీ అమ్మగారి మాటను తేలికగా తీసుకోకండి. అల్పాకా ఒంటె కుటుంబానికి చెందినదే అయినా ఎడారి జంతువు కాదు. పెరూ, బొలీవియా దేశాల్లో ఆండీస్ పర్వతాల మీద, 3,500 మీటర్లకు పైబడిన చలి మైదానాల్లో పెరిగిన జాతి అది. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆస్ట్రేలియాలో పల్లపు ప్రాంతాల్లోనూ వీటిని పెంచుతున్నారు కానీ, అక్కడ కూడా వేసవికి ముందే ఉన్ని కత్తిరించి, నీడ, నీరు అమర్చి కాపాడుకోవలసి వస్తుంది. వడదెబ్బ తగిలితే ప్రాణాపాయమే కాక మగవాటిలో సంతానశక్తి కూడా దెబ్బతింటుంది. పైగా ఆడ అల్పాకా దాదాపు పదకొండున్నర నెలలు మోసి ఒక్క పిల్లనే ఈనుతుంది కాబట్టి, పది జీవాల మంద పెరగడానికి ఏళ్లు పడుతుంది. విదేశీ పశువులను తేవాలంటే 1898 నాటి పశువుల దిగుమతి చట్టం కింద కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి, క్వారంటైన్ తప్పవు. అన్నిటికీ మించి, అల్పాకాకు సుస్తీ చేస్తే చూసి మందిచ్చిన అనుభవం ఉన్న వైద్యుణ్ణి మన జిల్లాలో నేను ఎరుగను.

సమాధానం (రాయదుర్గం వైపు గొర్రెల కాపరి):
మాది తరతరాలుగా మందలు కాసిన కురుబ కుటుంబం. ఉన్నే కావాలనుకుంటే మన నల్ల గొర్రె, అంటే దక్కనీ గొర్రె, ఉండనే ఉంది. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాము. రెండూ కలిపినా ఒక గొర్రెకు కిలో కూడా రాదు. అది ముతక ఉన్ని, కంబళికే పనికివస్తుంది. మా అవ్వ కదురుతో నూలు వడికేది, పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు. ఆ కంబళి కప్పుకొని వానలో మంద వెంట నడిచిన రోజులు నాకు ఇంకా గుర్తున్నాయి. ఇప్పుడు కత్తిరించిన కూలి కూడా రాని ఏళ్లు చూశాను. ఒక వ్యాపారి మా ఊరి ఉన్ని బస్తాలు తీసుకుపోయి, డబ్బు కోసం మమ్మల్ని రెండేళ్లు తిప్పించుకున్నాడు. ఉన్ని లేకపోయినా బరువు బాగా తూగుతుందని చాలామంది నెల్లూరు జాతికి మారడం ఇందుకే, ఆ మార్పు నాకు బాధ కలిగించినా వారిని తప్పుపట్టలేను. కనుక ఉన్నిని అదనపు రాబడిగా చూసుకొని, పొట్టేలు పిల్లల అమ్మకాన్ని నమ్ముకోండి. కోతలయ్యాక మీ చేలోనే మందను ఆపితే, ఆ పెంట, మూత్రం నేలకు ఇచ్చే బలాన్ని మరుసటి పైరులోనే చూస్తారు.

ప్రశ్న వేసిన రైతు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అల్పాకాల ఆలోచన మానుకున్నాము. నల్ల గొర్రెలతో మొదలుపెడితే ఎన్నింటిని తీసుకోవాలి? రాయితీ ఏమైనా వస్తుందా?

సమాధానం (పశువైద్యుడు):
కేంద్ర ప్రభుత్వ పథకమైన జాతీయ పశుసంపద మిషన్ కింద గొర్రెల యూనిట్‌కు 50 శాతం రాయితీ ఉంది కానీ, అందులో చిన్న యూనిట్ అంటేనే 100 ఆడ గొర్రెలు, 5 పొట్టేళ్లు. అప్పు చేసి ఒక్కసారిగా అంతకు దిగవద్దని నా సలహా. ఇరవై ఆడ గొర్రెలు, ఒక పొట్టేలుతో మొదలుపెట్టండి. గొర్రె ఐదు నెలల్లో ఈనుతుంది కాబట్టి, పని వచ్చిందో లేదో ఏడాదిలోనే మీకు తెలుస్తుంది. వేరుశనగ కట్టెను (కాయలు కోసిన ఎండు మొక్కలను) అమ్ముకోకుండా వేసవికి వామి వేసుకోండి. గట్ల మీద మేత కోసం సుబాబుల్, అవిసె చెట్లు నాటండి. కొన్న జీవాలను కొన్నాళ్లు విడిగా కట్టి గమనించండి. తొలకరికి ముందే చిటుకు రోగం టీకా తప్పక వేయించండి, ఎందుకంటే వానలు పడి లేత గడ్డి మొలిచినప్పుడే ఆ రోగం బలిసిన పిల్లలను రాత్రికి రాత్రే తీసుకుపోతుంది.