తాతగారి గ్రామఫోను రికార్డులు: డిజిటల్ చేయించాక ఉంచుకోవాలా, ఇచ్చివేయాలా?

ప్రశ్న (తెనాలి మనుమడు)

నమస్కారం. తెనాలిలోని మా తాతగారి ఇల్లు ఈ వేసవిలో ఖాళీ చేయవలసి వస్తున్నది. అక్కడి చెక్కపెట్టెలో 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు 90 దాకా, సినిమా పాటల ఈపీలు (కొద్ది పాటల చిన్న రికార్డులు) 40, ఘంటసాల భగవద్గీతతో కలిపి ఎల్పీలు (ఎక్కువసేపు మోగే పెద్ద రికార్డులు) 15 ఉన్నాయి. 78లలో సగానికి పైగా రంగస్థల పద్యాలే. హైదరాబాదులో మాది రెండు గదుల ఫ్లాటు. పాత సామాన్లు కొనేవారొకరు మొత్తం తీసుకుంటామంటున్నారు. చాలా పాటలు ఫోనులోనే దొరుకుతున్నప్పుడు, దొరకనివాటిని డిజిటల్ చేయించి రికార్డులను ఇచ్చివేస్తే తప్పా? మా నాన్నగారికి ఇది ఇష్టం లేదు. అయితే ఆయన కూడా వాటిని విని ముప్పై ఏళ్లు దాటింది.

సమాధానం (పద్యప్రియ)

ఇచ్చివేయక తప్పకపోతే ఈపీలతో మొదలుపెట్టండి. పద్యాల రికార్డులను మాత్రం దయచేసి ఆపండి. టేపు వచ్చిన తరువాతి సినిమా పాటలకు మాస్టర్ టేపులు (మొదట రికార్డు చేసిన టేపులు) ఎక్కడో ఒకచోట మిగిలి ఉండవచ్చు. అంతకుముందు గాయకుడు పాడింది పాడినట్లు మైనపు పళ్లెం మీద గాడిగా పడేది, దాని నుంచి లోహపు అచ్చులు తీసి రికార్డులు ఒత్తేవారు. ఆ అచ్చులు పోయిన చోట, ఆ గొంతుకు మిగిలిన సాక్ష్యం మీ తాతగారి పెట్టె వంటి పెట్టెలలో ఉన్న ప్రతులే.

పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. వేదిక మీద ‘వన్స్ మోర్’ల మధ్య ఎంతసేపైనా రాగం తీయగలిగిన నటుడు, అదే పద్యాన్ని ఆ మూడు నిమిషాలలో ఎలా ఇమిడ్చాడో, ఎక్కడ రాగాన్ని తుంచాడో వినడం నాకు ఇప్పటికీ గొప్ప పాఠం. మా ఇంట్లో ఉన్న ఒక పద్యాన్ని ఒక యాప్‌లో వింటే చివరి ఆలాపన లేదు, గరగర తీసివేసే ప్రయత్నంలో హార్మోనియం కూడా సన్నగిల్లింది, పాడినవారి పేరు వేరొకరిది వేశారు. లేబుల్ చేతిలో ఉండబట్టి ఆ తప్పు నాకు తెలిసింది.

డిజిటల్ చేయించడం ఒక్కసారితో తీరే పని కూడా కాదు. 78ల గాడి వెడల్పైనది. దానికి సుమారు 0.003 అంగుళాల ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు అందులో మూడో వంతుకు మించదు కాబట్టి గాడి అడుగున దుమ్మును గీరుతూ పోతుంది. నేను మొదట అలాగే తీయించాను. తరువాత సరైన ముల్లుతో మళ్లీ తీస్తే, అంతకుముందు వినబడని ఒత్తులు కూడా వినబడ్డాయి. రికార్డులు ఇచ్చివేసి ఉంటే ఆ రెండో అవకాశం ఉండేది కాదు.

సమాధానం (విశాఖ శ్రోత)

నా అభిప్రాయం కొంత వేరు. సముద్రపు గాలికి అట్టలు బూజు పట్టిపోతుంటే చూడలేక, నా దగ్గరున్న ఎల్పీలన్నీ శ్రద్ధగా వినే ఒక మిత్రుడికి ఇచ్చాను. అందుకు చింతించడం లేదు. ఎల్పీ ధ్వని సీడీ కంటే మేలన్న మాటను నేను అంగీకరించను. సెకనుకు 44,100 సార్లు (44.1 కిలోహెర్ట్‌జ్), 16 బిట్ల సూక్ష్మతతో ధ్వనిని కొలిచే సీడీ మన చెవికి అందే స్వరాలన్నిటినీ పట్టుకుంటుంది. ఎల్పీలో ముల్లు మధ్యకు వెళ్లేకొద్దీ గాడి వేగం తగ్గి, చివరి పాటలో స్పష్టత తగ్గుతుంది. అయినా పద్యాల 78ల విషయంలో పై మిత్రులతో ఏకీభవిస్తున్నాను. సామాన్లవారికి మాత్రం ఇవ్వవద్దు, విడివిడిగా ఎక్కడెక్కడికో పోతాయి. భగవద్గీత ఎల్పీని నాన్నగారి కోసం ఉంచండి.

సమాధానం (ముల్లు–గాడి)

ఒక హెచ్చరిక. 78లను స్పిరిట్‌తో గాని, ఆల్కహాల్ కలిసిన ద్రవంతో గాని తుడవవద్దు. అవి లక్కతో చేసినవి. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను స్పిరిట్‌లోనే కరిగిస్తారు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క మెత్తని సబ్బు ద్రవం కలిపి, లేబుల్ తడవకుండా తుడిచి, ఆరబెట్టండి.

డిజిటల్ ప్రతి తీయించేటప్పుడు 96 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లలో స్టీరియోగా తీయమనండి. పాట మోనోయే (రెండు వైపులా ఒకే ధ్వని) అయినా గాడి రెండు గోడలూ ఒకేలా అరగవు; బాగున్న గోడను తరువాత ఎంచుకోవచ్చు. మూడు నిమిషాలకు సుమారు 100 మెగాబైట్లు, అంటే మీ 90 రికార్డులు రెండు వైపులా కలిపి 20 గిగాబైట్ల లోపే. గరగర తీయని మూలప్రతిని తప్పక అడిగి తీసుకోండి. వేగాన్ని కూడా సరిచూడమనండి. పాత రికార్డులన్నీ కచ్చితంగా 78 వేగంతోనే చేసినవి కావు, వేగం మారితే శ్రుతి మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సామాన్లవారికి వద్దని చెప్పాను. పద్యాల రికార్డులు, భగవద్గీత మా వద్దనే ఉంటాయి; ఈపీలను వినేవారికే ఇస్తాను. నిన్న నాన్నగారికి ఫోనులో లేబుళ్ల మీది పేర్లు చదివి వినిపిస్తుంటే, మూడో పేరు దగ్గర ఆయన ఆపమని, ఆ పద్యం ఎత్తుగడ తామే పాడి వినిపించారు. రికార్డులు పెట్టెలో ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. వాటిని నిలువుగా సర్దేందుకు గట్టి అట్టపెట్టెలు విజయవాడలో ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పగలరా?