యూపీఐ చెల్లింపులపై పెద్ద వ్యాపారుల నుంచి రుసుము తీసుకోవాలా?

చిల్లరవర్తకుడు:
2020 జనవరి 1 నుంచి యూపీఐపై ఎండీఆర్‌ను, అంటే వ్యాపారి చెల్లించే రుసుమును, కేంద్రం ఎత్తివేసింది. పెద్ద వ్యాపారుల వరకైనా దాన్ని మళ్లీ విధించాలని చెల్లింపు సంస్థలు కోరుతున్నాయి. అందరికీ అలవాటు చేశాక వెల కట్టడం న్యాయమేనా?

స్విచ్‌గది:
న్యాయమేనని నా అభిప్రాయం. కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 40 రూపాయలు పంపితే, ఆ అభ్యర్థన యాప్ వెనుక ఉన్న బ్యాంకు నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ స్విచ్‌కు, అంటే బ్యాంకుల మధ్య లావాదేవీలను మళ్లించే కేంద్ర వ్యవస్థకు, అక్కడి నుంచి కొనుగోలుదారు బ్యాంకుకు వెళ్తుంది. అక్కడ పిన్ సరిచూసి ఖాతాలో సొమ్ము తగ్గించాక, మళ్లీ స్విచ్ మీదుగానే వ్యాపారి బ్యాంకులో జమ అవుతుంది. 40 రూపాయలకైనా 40 వేలకైనా సర్వర్లపై పడే పని దాదాపు ఒకటే. 2025 ఏప్రిల్ 12న సేవలు స్తంభించడానికి కారణం, కొన్ని బ్యాంకులు పాత లావాదేవీల స్థితిని పదేపదే అడుగుతూ స్విచ్‌ను ముంచెత్తడమే. ఇలాంటి భారం తగ్గించేందుకే ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ఒక్కో యాప్‌లో బ్యాలెన్స్ చూసుకోవడాన్ని రోజుకు 50 సార్లకు పరిమితం చేశారు.

ఇక ఆదాయం సంగతి. 2024-25కు కేంద్రం ఈ సేవకు సుమారు 1,500 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది; చెల్లింపు విలువలో 0.15 శాతం లెక్కన ఇచ్చేది చిన్న వ్యాపారుల వద్ద జరిగే 2,000 రూపాయల లోపు చెల్లింపులకే. రాబడి లేని చోట అప్పులు, బీమా అమ్ముకోగల యాప్‌లే నిలదొక్కుకుంటాయి. ఫోన్‌పే, గూగుల్ పే రెండే సుమారు 80 శాతం లావాదేవీలు నడుపుతున్నాయి. ఏ యాప్ వాటా అయినా 30 శాతం మించరాదని ఎన్‌పీసీఐ 2020లోనే చెప్పినా, గడువు 2026 డిసెంబరు 31 దాకా జరుగుతూ వచ్చింది.

లెక్కలమాస్టారు:
స్విచ్‌గది గారూ, ఖర్చు ఉందని ఒప్పుకుంటాను గానీ, నోట్లు లెక్కపెట్టడం, తరలించడం, ఏటీఎంలు నింపడం తగ్గి బ్యాంకులకు మిగిలిన సొమ్మును మీరు లెక్కలోకి తీసుకోలేదు. పైగా "కార్డయితే రెండు శాతం అదనం" అనే దుకాణాలు ఇప్పటికే ఉన్నాయి. రేపు యూపీఐకీ ఆ మాటే వినాల్సి వస్తుంది.

స్విచ్‌గది:
ఆ భయం నిరాధారం కాదు. అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి వాలెట్ల (ముందుగా డబ్బు నింపుకునే ఖాతాల) ద్వారా 2,000 రూపాయలు దాటిన యూపీఐ చెల్లింపులకు 1.1 శాతం వరకు రుసుము అమల్లో ఉంది. అది వ్యాపారి వైపు నుంచే వెళ్తుంది, కొనుగోలుదారుపై పడదు. పెద్ద వ్యాపారులకూ అంతకంటే తక్కువ రేటు పెట్టి, కొనుగోలుదారు నుంచి వసూలు చేస్తే జరిమానా అని నిబంధనలోనే రాయాలి.