మా వీధికి కొత్త రోడ్డు కావాలి: కౌన్సిల్ తీర్మానం దాకా ఫైలు ఎలా నడుస్తుంది? (చెన్నై)

ప్రశ్న: పెరంబూరు_31ఇళ్లు

అందరికీ నమస్కారం. మాది పెరంబూరు దగ్గర ఒక చిన్న వీధి. టేపు పెట్టి కొలిస్తే పొడవు 120 మీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు. మురుగు పైపు మార్చడానికి వీధి పొడవునా ఒక పక్కగా తవ్వి పూడ్చారు. ఇప్పుడు ఆ గాడి వెంబడి తారు కుంగిపోయింది. ఎప్పుడు చెప్పినా గుంతల వరకే పూడుస్తున్నారు. మాకు వీధి మొత్తానికి కొత్త రోడ్డు కావాలి.

ఇంకో బాధ ఉంది. పాత తారు మీదే రెండుసార్లు కొత్త పొర పడటంతో 31 ఇళ్లలో 8 ఇళ్ల గడపలు రోడ్డుకంటే కిందికి పోయాయి. అక్టోబరు వానలకి నీళ్లు లోపలికి వస్తాయి.

"కౌన్సిల్‌లో పెట్టించాలి" అని అందరూ అంటున్నారు. పెట్టించడమంటే ఎవరి దగ్గరికి, ఏ కాగితంతో వెళ్లాలి? పని జరిగేటప్పుడు మాలాంటివాళ్లం ఏం చూసుకోవాలి? మాలో చాలామందికి తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: అజెండా_చదువరి

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. చెన్నైలో కొన్ని పెద్ద రోడ్లు రాష్ట్ర హైవేస్ శాఖవి. బస్సులు తిరిగే రోడ్లను కార్పొరేషన్‌లోనే విడిగా ఒక విభాగం చూస్తుంది. మిగిలిన లోపలి వీధులు జోనల్ ఆఫీసువి. మీది నాలుగున్నర మీటర్ల వీధి కాబట్టి జోన్‌దే అయ్యుంటుంది. మొత్తం 15 జోన్లు, 200 వార్డులు. ఇంటి పన్ను రసీదు మీద జోన్, వార్డు అంకెలుంటాయి, అర్జీలో అవే రాయండి.

కార్పొరేషన్ ఫిర్యాదుల ఫోన్ నంబరు 1913కి చేసే ఫిర్యాదు మరమ్మతు కోసమే. గుంత పూడ్చగానే ఆ ఫిర్యాదు పని అయిపోయినట్టు లెక్క. కొత్త రోడ్డు దారి వేరు. వార్డు అసిస్టెంట్ ఇంజనీరు (అందరూ ఏఈ అనే అంటారు) వీధి చూసి ఎస్టిమేట్ (ఏ పని ఎంత, ఖర్చెంత అన్న అంచనా) రాస్తారు. దాన్ని ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), ఆపైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సరిచూస్తారు. ఏ నిధి కింద ఖర్చు పెట్టాలో తేలాక మంజూరుకి వెళ్తుంది. మొత్తాన్ని బట్టి కొన్ని పనులు కింది స్థాయిలోనే మంజూరవుతాయి, కొన్ని జోన్ కమిటీకి, పెద్దవి కౌన్సిల్‌కి పోతాయి. ఆ తర్వాతే టెండరు, ఒప్పందం, వర్క్ ఆర్డర్ (పని మొదలుపెట్టమనే ఉత్తర్వు).

ఇక్కడ ఎక్కువమంది పొరబడే సంగతి ఒకటుంది. కౌన్సిల్ సమావేశం రోజు ఎవరో లేచి మాట్లాడితే రోడ్డు వస్తుందనుకుంటారు. అజెండాలో ఒక్కో అంశానికి ఉండేది పని పేరు, అంచనా మొత్తం, ఏ పద్దు, అధికారుల సిఫారసు. ఇలాంటివి పదుల కొద్దీ ఒకే ఊపులో ఆమోదం పొందుతాయి. మీ గడపల ఎత్తు గురించి అక్కడ ఎవరూ చర్చించరు. అదంతా ఏఈ రాసే ఎస్టిమేట్‌లోనే తేలిపోతుంది. అందులో లేని పనిని కాంట్రాక్టరు చేయడు, చేసినా బిల్లు రాదు. మీ శక్తంతా అక్కడ పెట్టండి.

అర్జీ ఒక్క పేజీ చాలు. వీధి పేరు కార్పొరేషన్ రికార్డులో ఎలా ఉందో అలాగే రాయాలి. "ఫస్ట్ క్రాస్" అని రాస్తే ఆ వార్డులో నాలుగు ఫస్ట్ క్రాసులుంటాయి, కాగితం అక్కడే ఆగిపోతుంది. ఏ డోర్ నంబరు నుంచి ఏ డోర్ నంబరు దాకా, పొడవు, వెడల్పు, గాడి ఎంత వెడల్పున ఎంత లోతు కుంగింది, ఎన్ని గడపలు రోడ్డుకంటే ఎన్ని సెంటీమీటర్లు కింద ఉన్నాయి, ఇవి రాయండి. కుంగిన చోట స్కేలు నిలబెట్టి తీసిన ఫోటోలు నాలుగు జతచేయండి. జోనల్ ఆఫీసులో ఒకటి, కౌన్సిలర్‌కి ఒకటి ఇచ్చి, మూడో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. అర్జీ తమిళంలో ఉంటే ఫైలు త్వరగా కదులుతుంది.

తమిళం చదవలేనివాళ్లకి ఎవరైనా చదివి వినిపించేటప్పుడు ఈ మాటలు తెలిస్తే చాలు. మామన్రం అంటే కౌన్సిల్. మండలం అంటే జోన్, మన జిల్లాల్లోని మండలం కాదు. మదిప్పీడు అంటే ఎస్టిమేట్. ఒప్పందప్పుళ్లి అంటే టెండరు. మళైనీర్ వడిగాల్ అంటే వాననీటి కాలువ. తీర్మానం మాత్రం మన తీర్మానమే.

జవాబు: వార్డు_సభ

పై జవాబుతో ఒక్క చోట విభేదిస్తాను. ఎస్టిమేట్ ముఖ్యమే, కాదనను. కానీ ఏ వీధికి ముందు ఎస్టిమేట్ రాయాలన్నది ఎక్కువగా కౌన్సిలర్ ఇచ్చే వరసను బట్టే ఉంటుంది. ఒక్క వీధికి విడిగా టెండరు పిలవడం అరుదు. పది పన్నెండు వీధుల్ని కలిపి ఒక ప్యాకేజీ చేస్తారు. ఆ జాబితాలో మీ పేరు లేకపోతే ఎంత మంచి అర్జీ అయినా వచ్చే ప్యాకేజీ దాకా ఆగాల్సిందే.

అందుకని ఏరియా సభని (మీ ప్రాంతంవాళ్ల సమావేశాన్ని) వాడుకోండి. చెన్నైలో ఒక్కో వార్డుని 10 ఏరియాలుగా విభజించారు, ఒక్కో ఏరియాకి ఒక ప్రతినిధి. కౌన్సిలర్ అధ్యక్షతన వార్డు కమిటీ ఉంటుంది. సభలో నోటితో చెప్పి వచ్చేయకండి. మీ అర్జీ సారాంశాన్ని ఆ రోజు మినిట్స్‌లో (సభలో జరిగింది రాసే రికార్డులో) రాయించి, నలుగురూ సంతకం పెట్టండి. తర్వాత కౌన్సిలర్ మారినా, ఏఈ బదిలీ అయినా ఆ కాగితం మిగులుతుంది. 2016 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు, ప్రత్యేక అధికారే సంతకం పెట్టేవారు. అలాంటి రోజుల్లో జనం చేతిలో ఉండేది రాతలో ఉన్న కాగితమే.

కాలం లెక్క కూడా చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తడి నేల మీద తారు వేయకూడదు. కాబట్టి పని నెలలు జనవరి నుంచి సెప్టెంబరు వరకు. టెండరు నోటీసుకి తమిళనాడు నిబంధనల ప్రకారం 2 కోట్ల లోపు పనికి కనీసం 15 రోజులు, దాటితే 30 రోజులు గడువివ్వాలి. దానికి ముందు మంజూరు, తర్వాత ఒప్పందం. జూన్‌లో అర్జీ ఇచ్చి ఆగస్టులో రోడ్డు రావాలంటే జరిగే పని కాదు. వానలు పడుతుండగానే, నవంబరులో, గడపలోకి నీళ్లు వచ్చిన ఫోటోలతో అర్జీ ఇవ్వండి. బడ్జెట్ లెక్కలకి ముందే చేరుతుంది. ఎన్నికల కోడ్ వస్తే కొత్త వర్క్ ఆర్డర్లు ఆగుతాయని కూడా గుర్తుంచుకోండి. మొదలైన పని ఆగదు.

జవాబు: తారు_కంకర

మీ ఎత్తు సమస్య గురించి చెప్తాను, అందరూ తప్పేది ఇక్కడే.

2021 మే నెలలో అప్పటి తమిళనాడు ప్రధాన కార్యదర్శి, పాత తారు చెక్కేసిన తర్వాతే కొత్తది వేయాలని, రోడ్డు మట్టం పెంచకూడదని స్పష్టంగా ఆదేశించారు. దీన్నే మిల్లింగ్ అంటారు. ఎస్టిమేట్‌లో మిల్లింగ్ ఉంటే చాలనుకుంటారు, చాలదు. 40 మిల్లీమీటర్లు చెక్కి 40 వేస్తే మీ రోడ్డు ఇప్పుడున్న ఎత్తులోనే ఉంటుంది. ఎనిమిది గడపలూ కిందే ఉండిపోతాయి. పాత రెండు పొరలూ చెరో 40 అనుకుంటే 80 చెక్కి 40 వేయాలి, అప్పుడే మట్టం 40 దిగుతుంది. అంత చెక్కితే కింద గట్టి కంకర పొర మిగులుతుందా అన్నది ముందే తెలియాలి. అందుకు రెండు మూడు చోట్ల అడుగు చదరం గుంత తవ్వి, ఏ పొర ఎంత మందం ఉందో చూడమని ఏఈని అడగండి. గంట పని. ఇంకోటి, రోడ్డు దించితే మ్యాన్‌హోల్ మూతలూ దించాలి. వాననీటి కాలువలోకి నీళ్లు దిగే గుంత నోరు రోడ్డుకంటే కిందే ఉండాలి. లేకపోతే ఇళ్లలోకి రావడం మాని వీధిలోనే నిలుస్తాయి.

మీ గాడి సంగతి ఇంకా ముఖ్యం. పైన ఎంత మంచి తారు వేసినా కింద మట్టి వదులుగా ఉంటే మొదటి వానకే అదే గీత మళ్లీ కనబడుతుంది. గాడిని మళ్లీ తవ్వి, 150 నుంచి 200 మిల్లీమీటర్ల పొరలుగా నింపి, ప్రతి పొరనీ తడిపి దిమ్మిస కొట్టి, పైన కంకర మిశ్రమం వేయడం ఎస్టిమేట్‌లో విడి ఐటెంగా రావాలి. ఒకేసారి నింపేసి పైన రోలర్ తిప్పితే పైభాగమే గట్టిపడుతుంది.

ఇక పరిమాణాలు. మీ వీధి 120 × 4.5 = 540 చదరపు మీటర్లు. 40 మిల్లీమీటర్ల మందానికి 21.6 ఘనపు మీటర్లు. రోలర్ తొక్కిన మిశ్రమం ఘనపు మీటరుకి దాదాపు 2.35 టన్నులు తూగుతుంది. అంటే 50 టన్నుల పైచిలుకు మాల్ (తారు కలిపిన కంకర మిశ్రమం) రావాలి. లారీల వేబ్రిడ్జి చీటీలు కూడండి. 35 టన్నులకే వీధి పూర్తయిందంటే పొర పలచబడినట్టే. కొత్త పొర అతుక్కోవడానికి ముందుగా చల్లే పలచని తారు, అంటే టాక్ కోట్, చదరపు మీటరుకి 0.2 నుంచి 0.3 కిలోలు, మొత్తం మీద 110 నుంచి 160 కిలోలు. నేలని చీపురుతో, గాలితో శుభ్రం చేశాకే అది చల్లాలి. మిల్లింగ్ దుమ్ము మీద చల్లితే కొత్త పొర అతుక్కోదు, ఆరు నెలల్లో అప్పడంలా లేస్తుంది.

వేడి చూడాలి. వీజీ-30 అనే రకం తారుతో కలిపిన మాల్ పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలుండాలి, రోలింగ్ 90కి దిగేలోపే అయిపోవాలి. లారీ మీద టార్పాలిన్ కప్పి రావాలి. మాల్ మీద నీలం పొగ లేస్తుంటే ప్లాంటులో మాడిపోయింది. పార తగిలితే గడ్డలుగా విరుగుతుంటే చల్లారిపోయింది. రెండూ పనికిరావు.

నడిమధ్య ఎత్తుగా, అంచులు వాలుగా ఉండాలి. రెండు శాతం వాలు అనుకుంటే మీ వీధికి మధ్యభాగం అంచుకంటే 45 మిల్లీమీటర్లు ఎత్తు. అంచు నుంచి అంచుకి దారం బిగించి చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న కొనసాగింపు: పెరంబూరు_31ఇళ్లు

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు. రెండు సందేహాలు. మూడు ఇళ్లకి ఇంకా కొత్త మురుగు కనెక్షన్ రాలేదు. రోడ్డు వేశాక తవ్వితే ఎలా? రాత్రిపూట పని చేస్తారంటున్నారు, ఎత్తు పెరగలేదని మేము ఎలా రుజువు చేయగలం?

జవాబు: తారు_కంకర

ఆ మూడు కనెక్షన్లు అయ్యేదాకా రోడ్డు కోసం తొందరపడకండి. నీళ్లు, మురుగు మెట్రోవాటర్ బోర్డువి, రోడ్డు కార్పొరేషన్‌ది. ఒకరి పని ఇంకొకరికి తెలియకపోవడం వల్లే కొత్త రోడ్లు తెగుతాయి. ఆ ఇళ్లవాళ్లు మెట్రోవాటర్‌కి పెట్టుకున్న దరఖాస్తు నంబర్లు మీ అర్జీలో రాయండి. రోడ్డుకి ముందే అవి పూర్తి చేయించాల్సిన బాధ్యత అప్పుడు ఫైలు మీదికి వస్తుంది.

ఎత్తుకి రుజువు సులభమే. మిల్లింగ్‌కి ముందే ప్రతి 20 మీటర్లకి ఒక చోట, ఎదురెదురు కాంపౌండు గోడల మీద మేస్త్రీ వాడే నీటి గొట్టంతో ఒకే మట్టంలో పెయింటు గీత పెట్టండి. రెండు గీతల మధ్య దారం బిగించి, దారం నుంచి రోడ్డు ఎంత లోతుందో మధ్యలో, రెండు అంచుల్లో కొలిచి పుస్తకంలో రాయండి. చెక్కిన తర్వాత ఒకసారి, తారు వేశాక ఒకసారి కొలవండి. మూడు వరసల అంకెలు పక్కపక్కన ఉంటే వాదన అక్కరలేదు. ఏఈకి కూడా ఆ గీతలు చూపించండి, ఆయనకీ పనికొస్తాయి.

ఆ రాత్రి ఒక్క బండి కూడా వీధిలో ఉండకూడదు. ఒక కారు ఆగి ఉంటే మిల్లింగ్ యంత్రం దాన్ని చుట్టేసి పోతుంది. ఆ మేర పాత తారు మీదే కొత్తది పడి గట్టులా మిగులుతుంది. రెండు రోజుల ముందే ఇంటింటికీ చెప్పి, ఊరెళ్లేవాళ్ల దగ్గర బండి తాళంచెవులు తీసుకుని పెట్టుకోండి.

జవాబు: అజెండా_చదువరి

కాగితాల వైపు ఒక చివరి పని. వర్క్ ఆర్డర్ వచ్చిన వారంలోనే సమాచార హక్కు కింద దరఖాస్తు ఇవ్వండి, 10 రూపాయల ఫీజు. ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్ నకళ్లు అడగండి. పని పరిశీలించే హక్కు, పదార్థం నమూనా తీసుకునే హక్కు కూడా 2005 చట్టం 2(జె)లోనే ఉన్నాయి, ఆ సెక్షన్ పేర్కొని అడగండి. జవాబుకి 30 రోజుల గడువు. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు.

పని అయ్యాక రెండో దరఖాస్తులో ఎం-బుక్ నకలు అడగండి. కాంట్రాక్టరుకి బిల్లు వచ్చేది ఆ మెజర్‌మెంట్ బుక్కులో ఏఈ రాసిన పొడవు, వెడల్పు, మందం మీదే. మీ పుస్తకంలో 35 మిల్లీమీటర్లుండి అందులో 40 అని ఉంటే, బిల్లు చెల్లించకముందే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి రాతపూర్వకంగా ఇచ్చి, కోర్ తీసి మందం కొలవమనండి. రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి తీస్తే పొర మందం అందరి కళ్ల ముందే తేలుతుంది. ఎక్కడ కోయాలో కాంట్రాక్టరు కాక మీరు చూపించండి, గాడి మీద ఒకటి తప్పకుండా.