"ఆన్ ఇట్ హార్మ్ నన్, డూ వాట్ యీ విల్": ఈ ఎనిమిది మాటలకు తెలుగేమిటి?

పోస్ట్:

అందరికీ నమస్కారం. ఒక వాక్యం అనువాదంలో సందేహం వచ్చి రాస్తున్నాను. నాకు కావాల్సింది మాటల మీద చర్చ. మతం వైపు లాగకండి దయచేసి.

కొంతకాలంగా విక్కా గురించి చదువుతున్నాను. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది 20వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో రూపుదిద్దుకున్న మతం. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్నర్ దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఒక దేవి, ఆమెకు జోడీగా కొమ్ముల దేవుడు, పౌర్ణమి పూజలు, ఏడాదికి ఎనిమిది పండుగలు. ఒక బృందంలో చేరి దీక్ష తీసుకోవడం పాత పద్ధతి. పుస్తకాలు చదువుకుని ఎవరికి వాళ్ళు ఒంటరిగా సాధన చేసుకోవడం తర్వాత వచ్చింది. నేను ఈ రెండో రకం, అదీ ఇంకా చదివే దశలోనే ఉన్నాను.

పరిచయ పుస్తకాలు చాలావాటిలో, ఇంకా పూజ గీజ మొదలవకముందే ఒక వాక్యం ఎదురవుతుంది: "ఆన్ ఇట్ హార్మ్ నన్, డూ వాట్ యీ విల్." దీన్ని విక్కన్ రీడ్ అంటారు. సాధకులు సొంతంగా ఒక నోటుబుక్కు పెట్టుకుంటారు, దాని పేరు బుక్ ఆఫ్ షాడోస్. అందులో మొదటి పేజీలో ఈ వాక్యాన్ని తెలుగులో రాసుకుందామని కూర్చున్నాను. "ఎవరికీ హాని చేయకుండా నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి" అని రాసి, చదువుకుని, కొట్టేశాను. అమ్మ కోప్పడుతున్నట్టు ఉంది! మీరైతే ఎలా రాస్తారు?

జవాబు:

కోప్పడుతున్నట్టే ఉంటుంది మరి. మన భాషలో "నీ ఇష్టం" అన్నాక మంచి జరిగిన సందర్భం నాకు గుర్తు లేదు. "నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో" అంటే "నీతో నాకు పని లేదు, తర్వాత నా దగ్గరికి రాకు" అని అర్థం. అనుమతి ఇస్తున్నామంటే "నీకు నచ్చింది చెయ్యి" అనాలి. అదీ ఐస్‌క్రీమ్ ఎంచుకోమన్నట్టుంటుంది, ఒప్పుకుంటాను.

జవాబు:

అమ్మా, ఇంత దూరం వెళ్ళక్కర్లేదు. తిక్కన గారు ఎప్పుడో చెప్పేశారు:

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగుఁ దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్.

ఇతరులు ఏం చేస్తే నీ మనసుకు కష్టం కలుగుతుందో, అది నువ్వు ఇతరులకు చేయకు. ధర్మమార్గాలన్నిటికీ ఇదే ఆధారం. మొదటి పేజీలో ఈ కందం రాసుకో. అనువాదం బాధ తప్పుతుంది.

పోస్ట్ పెట్టినవారు:

మాస్టారూ, పద్యానికి దణ్ణం. కానీ రెండూ ఒకటి కావనిపిస్తోంది. తిక్కన గారి పద్యం మొత్తం "చేయకునికి" మీద నిలబడింది, చేయకుండా ఉండటమే అక్కడ ధర్మం. ఈ వాక్యం బరువు "చెయ్యి" మీద ఉంది. ఇంకో తేడా కూడా ఉంది. పద్యంలో "ఒరులు" అని స్పష్టంగా ఉంది, అంటే ఇతరులు. ఇక్కడ "నన్" అన్నారు. అందులో చేసేవాడు కూడా లెక్కే అని విక్కా బోధకులు చాలామంది చెబుతారు. ఒంటరిగా సాధన చేసేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. తిండి మానేసి, నిద్ర మానేసి రాత్రంతా కూర్చుంటే "చాల్లే, లేచి పడుకో" అనేవాళ్ళు పక్కన ఉండరు. మన "ఎవరికీ" విన్నప్పుడు "నాతో సహా" అని తడుతుందా? నాకైతే తట్టదు.

జవాబు:

తట్టదు. "ఎవరికీ" అనగానే చూపు బయటికే పోతుంది. "నీకు గానీ, మరొకరికి గానీ" అని విడమరిచి రాస్తే అర్థం పూర్తవుతుంది, వాక్యం మాత్రం చచ్చిపోతుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది, దాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఈ "ఆన్" పాత ఇంగ్లిష్ మాట, "ఇఫ్" అని అర్థం. "అండ్" అనుకుని చదివేవాళ్ళు బోలెడుమంది. కాబట్టి తెలుగులో "-తే" రావాలి. మీరు మొదట రాసిన "హాని చేయకుండా"లో షరతు లేదు, అది చేసే తీరు చెబుతోంది. "చప్పుడు చేయకుండా రా" అన్నట్టు.

సరే, "-తే" పెడదాం. "ఎవరికీ కీడు కాకపోతే చెయ్యి." ఇప్పుడు "నే" చేర్చి చూడండి. "ఎవరికీ కీడు కాకపోతేనే చెయ్యి." ఒక్క అక్షరంతో ధర్మశాస్త్రమే మారిపోయింది! మొదటిది తలుపు తీస్తోంది: కీడు లేని పని ఏదైనా నీకు స్వేచ్ఛే, ఎవర్నీ అడగక్కర్లేదు. కీడు ఉన్న పని సంగతేమిటో అది చెప్పలేదు. రెండోది తలుపు మూస్తోంది: కీడు ఉంటే వద్దు. ఇంగ్లిష్ మూలంలో "ఓన్లీ ఇఫ్" లేదు, వట్టి "ఇఫ్" మాత్రమే. అయినా విక్కన్లలోనే చాలామంది దాన్ని "తేనే" అన్నట్టు చదువుతారు, "ఎవరికీ హాని చేయవద్దు" అనే నిషేధంగా. ఇంకొందరు ఒప్పుకోరు. బతికున్న మనిషి ఏదో ఒకదానికి కీడు చేయకుండా పూట గడపలేడు కదా, కాబట్టి అది నిషేధం కాలేదని వాళ్ళ వాదన. ఇంగ్లిష్‌లో ఆ రెండు అర్థాలూ ఒకే వాక్యంలో సర్దుకుంటాయి. తెలుగులో రాయాలంటే మీరు ఏదో ఒక పక్షం తీసుకోక తప్పదు.

జవాబు:

పై వ్యాఖ్య చదివి రెండుసార్లు లైక్ కొట్టాలనిపించింది. "నే" గురించి నిజంగా ఎప్పుడూ ఆలోచించలేదు.

జవాబు:

ఈ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే "విల్" దగ్గర ఏం పెట్టాలో తేలుతుంది. పుస్తకాల్లో "ప్రాచీన సూక్తి" అని కనిపిస్తుంటుంది గానీ, ఈ రూపంలో ఇది మొదట నమోదైంది 1964లో. గార్డ్నర్ దగ్గర 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియంటే ఒక ప్రసంగంలో దీన్ని చెప్పింది. పూర్తిగా అయితే అది అంత్యప్రాస ఉన్న రెండు పాదాలు: "ఎయిట్ వర్డ్స్ ద విక్కన్ రీడ్ ఫుల్‌ఫిల్, ఆన్ ఇట్ హార్మ్ నన్, డూ వాట్ యీ విల్." అంతకుముందు 1959లో గార్డ్నర్ ఇదే భావాన్ని మామూలు వచనంలో రాశాడు, అదీ పాసోల్ అనే రాజు పేరు చెప్పి. ఆ పాసోల్ ఎవరో పురాణపురుషుడు అనుకునేరు. 1901లో వచ్చిన ఒక ఫ్రెంచి నవలలో పాత్ర! అంతా ఇదే రీడ్ అని తిరిగే పొడుగు పద్యం ఇంకా తర్వాతది, 1975లో అమెరికాలో ఒక పత్రికలో అచ్చయింది.

ఇక "డూ వాట్ యీ విల్" వెనక అలిస్టర్ క్రౌలీ అనే ఇంగ్లిష్ మంత్రసాధకుడు ఉన్నాడు. అతని సూత్రం "డూ వాట్ దౌ విల్ట్", 1904 నాటిది. గార్డ్నర్ 1947లో క్రౌలీని కలిశాడు. గార్డ్నర్ పూజాపాఠాల్లో క్రౌలీ వాక్యాలు చాలా కనిపించాయని, వాటిని చాలావరకు తీసేసి తిరగరాసింది తనేనని వాలియంటే స్వయంగా చెప్పుకుంది. క్రౌలీ లెక్కలో "విల్" అంటే కోరిక కాదు. ఈ పూట పుట్టి రేపటికి పోయే ముచ్చటా కాదు. మనిషి పుట్టుకలోనే ఉన్న అసలు దిశ. అది పట్టుకుంటే ఇష్టం, నచ్చడం, తోచడం అన్నీ ఎగిరిపోతాయి. "సంకల్పం" ఒక్కటే నిలుస్తుంది.

జవాబు:

సంకల్పం బాగుంది. నాకు అభ్యంతరం ఒకటే. ఆ మాట వినగానే పురోహితుడు పక్కన కూర్చుని గోత్రం అడుగుతున్నట్టు ఉంటుంది.

పోస్ట్ పెట్టినవారు:

అది అభ్యంతరం కాదండీ, నాకు కలిసొచ్చేదే. విక్కాలో కూడా ఏ క్రతువైనా, దేని కోసం చేస్తున్నామో మనసులో స్పష్టంగా నిలుపుకున్నాకే మొదలు. నేను చదివిన పుస్తకంలో మొదటి అభ్యాసం ఏమిటంటే, ఒక కొవ్వొత్తి వెలిగించి, "ఇది ఎందుకు" అన్నదానికి ఒకే వాక్యంలో జవాబు కాగితం మీద రాయాలి. "ప్రశాంతత కోసం" అని రాశాను. మరీ వదులుగా ఉంది. కొట్టేసి "ఈ వారం పరీక్ష టెన్షన్ తగ్గడానికి" అని రాశాను. అప్పుడు గానీ కూర్చోవడం కుదరలేదు. దానికి తెలుగులో ఉన్న పేరు సంకల్పమే కదా.

జవాబు:

"రీడ్" సంగతి వదిలేశారు. తెలుగు లిపిలో రాస్తే చదవడం అనే "రీడ్", ఇదీ ఒకేలా ఉన్నాయి. నిజానికి రెండూ ఒకే పాత ఇంగ్లిష్ ధాతువు పిల్లలే. మొదట దాని అర్థం సలహా చెప్పడం. చిక్కు విప్పి చెప్పడం, ఆ తర్వాత రాత విప్పి చెప్పడం, అలా చదవడం దాకా వచ్చింది. కాబట్టి దీన్ని "విక్కా శాసనం" అని గానీ "విక్కా ధర్మం" అని గానీ అనకండి. ఆజ్ఞ కాదది. "హితవు" అనండి. వినడం, వినకపోవడం విన్నవాడి చేతిలో ఉండే మాట. ఇది ఒప్పుకుంటే పైన ఒకరు లేవనెత్తిన "తే/తేనే" తగువు కూడా కొంచెం సద్దుమణుగుతుంది. హితవుకు "తే" చాలు. శాసనానికే "తేనే" కావాలి.

జవాబు:

మూలం ప్రాసతో ఉంది కదా, తెలుగులోనూ అలాగే ఉండాలి. ద్విపద ప్రయత్నించాను:

కీడెవరికి లేని కృతి యేది యైన
వీడక నీ బుద్ధి వెంట సాగించు

జవాబు (పద్యం పెట్టిన మాస్టారు):

గణాలు సరిపోయాయి. కీ-కృ, వీ-వె యతి చెల్లింది, ప్రాసా కుదిరింది. అర్థం మాత్రం పక్కదారి పట్టింది నాయనా. "కృతి" అనగానే సగంమంది పుస్తకం అనుకుంటారు. "బుద్ధి వెంట" అంటే మళ్ళీ మొదటికొచ్చాం, బుద్ధి రోజుకోలా ఉంటుంది. పైగా "-తే" ఎక్కడ? షరతు ఎగిరిపోయింది.

జవాబు:

ఇంతకీ విక్కన్ అంటే మంత్రగత్తె అనే కదా? ఆ మాట రాయడానికి ఇంత మొహమాటం ఎందుకు?

జవాబు:

మొహమాటం కాదు. మంత్రగత్తె అన్న మాట మనం ఒకరి మీద వేస్తాం, తమకు తాము పెట్టుకునేవాళ్ళు లేరు. అందులో కీడు ముందే కలిసి ఉంది, "ఎవరికీ కీడు కాకపోతే" అన్నదాని పక్కన అది కూర్చోలేదు. పాత ఇంగ్లిష్‌లో "విచ్చ" అని పలికే "విక్కా" అన్న మాట నిజానికి పుంలింగం. స్త్రీలింగానికి చివరి అచ్చు వేరు. ఆ లెక్కన మీరు అడిగిన "గత్తె" వ్యాకరణం ప్రకారం కూడా నిలవదు. విక్కా అనే ఉంచేయండి.

జవాబు:

పోస్ట్ పెట్టినవారికి, అనువాదం సంగతి కాదు గానీ ఒక మాట. పరిచయ పుస్తకాల పక్కనే ఒక చరిత్ర పుస్తకం కూడా పెట్టుకోండి. ఇది రాతియుగం నుంచీ రహస్యంగా నడిచిన మతమని కొన్ని పుస్తకాలు ఇప్పటికీ రాస్తున్నాయి. ఆ వాదనకు బలం ఇచ్చింది 1921లో మార్గరెట్ ముర్రే రాసిన పుస్తకం, దాన్ని చరిత్రకారులు ఎప్పుడో పక్కన పెట్టేశారు. రోనల్డ్ హటన్ 1999లో తెచ్చిన "ద ట్రయంఫ్ ఆఫ్ ద మూన్" చదివితే ఏది పాతదో ఏది కొత్తదో తేలిపోతుంది. 1951లో మంత్రవిద్య చట్టం రద్దయింది, 1954లో గార్డ్నర్ పుస్తకం వచ్చింది, ఆ తర్వాతే ఇదంతా.

ఒంటరి సాధన కూడా అలా మెల్లగా వచ్చిందే. గార్డ్నర్ పద్ధతిలో దీక్ష ఇచ్చే మనిషి తప్పనిసరి. రేమండ్ బక్‌లాండ్ 1974లో, వాలియంటే 1978లో ఎవరికి వారే దీక్ష తీసుకునే దారి పుస్తకాల్లో పెట్టారు. స్కాట్ కన్నింగ్‌హామ్ 1988లో పూర్తిగా ఒంటరి సాధకుల కోసమే రాశాడు. మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది చేతిలో కనిపించేది అదే. సులువుగా ఉంటుంది. మరీ సులువు అని పాతవాళ్ళు సణుగుతారు, పట్టించుకోకండి.

పోస్ట్ పెట్టినవారు:

అందరికీ ధన్యవాదాలు. ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాను:

విక్కా హితవు: ఎవరికీ కీడు కాకపోతే, నీ సంకల్పం ఏదో అది చెయ్యి.

లెక్కపెట్టి చూశాను, హితవు సరిగ్గా ఎనిమిది మాటలే వచ్చింది. "నే" తీసేశాను, మూలంలో లేనిది నేను చేర్చడం ఎందుకని. "నాతో సహా" అన్నది పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశాను. ఒక్కటి తేలలేదు. క్రౌలీది "దౌ", అంటే నువ్వు. ఇది "యీ", పాత ఇంగ్లిష్‌లో బహువచనం. అయితే "చెయ్యండి" అనాలా?

జవాబు:

నోటుబుక్కు మీది, చదివేదీ మీరే. తనను తాను "మీరు" అనుకునేవాళ్ళను ఇంతవరకు చూడలేదు. "చెయ్యి" ఉంచండి.

జవాబు:

నాకు "చెయ్యి"తో పేచీ లేదు, "సంకల్పం"తో ఉంది. సంకల్పం చెప్పుకుంటాం, సంకల్పం నెరవేర్చుకుంటాం. "సంకల్పం ఏదో అది చెయ్యి" అంటామా? "నువ్వు సంకల్పించింది చెయ్యి" అనాలి. అప్పుడు ఆరు మాటలే అవుతాయి, ఎనిమిది పోతుంది. ఏది కావాలో తేల్చుకోండి.