చర్చ: చీజ్-ఇట్ బిళ్లలు (అమెరికాలో దొరికే చీజ్ బిస్కెట్లు) – ఇంట్లో చేస్తే ఎందుకు మెత్తబడతాయి? అసలువి ఎక్కడివి?

ఓవెన్‌పిన్ని: మైదా 125 గ్రాములు, చీజ్ 225, వెన్న 55, ఉప్పు అర టీస్పూను. వేడి మీద కరకరలాడి, చల్లారాక సాగుతున్నాయి. లోపం ఎక్కడ?

మైదాశాస్త్రి: కొలతలు సరిగ్గానే ఉన్నాయి, చీజ్ ఏదో చెప్పలేదు. క్యూబులు, స్లైసులు అయితే అదే కారణం. ప్రాసెస్డ్ చీజ్‌లో తేమ ఎక్కువ, అందులోని లవణాలు ఆ నీటిని వదలనివ్వవు. చెడ్డార్ అనే గట్టి రకం చీజ్ తెచ్చి అప్పటికప్పుడు తురమండి. తురిమి అమ్మే ప్యాకెట్ వద్దు. అంటుకోకుండా దానికి స్టార్చ్ పట్టిస్తారు. పిండి ముద్దకట్టదు, మీరు నీళ్లు పోస్తూనే ఉంటారు. ఐసు నీళ్లు 2 టేబుల్ స్పూన్లు దాటకూడదు.

ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, 3 మిల్లీమీటర్ల మందాన వత్తి, అంగుళం చదరాలుగా కోయండి. 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 14–16 నిమిషాలు కాల్చండి. అంచులు గోధుమ రంగుకు తిరగకముందే తీస్తే తేమ లోపలే ఉండిపోతుంది, మరీ నల్లబడితే చీజ్ చేదెక్కుతుంది.

కరకర_కబుర్లు: నడుమ చిల్లు మరవకండి. అది ఆవిరి దారి. లేకపోతే పూరీలా పొంగి, లోపల పచ్చిగా ఉంటాయి. కాలాక ఓవెన్ ఆపి, తలుపు కాస్త తెరిచి, పావుగంట అందులోనే ఆరనివ్వండి. సగం జబ్బు దీంతోనే పోతుంది.

ఒహాయో_తెలుగు: చీజ్-ఇట్ పుట్టిల్లు అమెరికాలో మా ఒహాయో రాష్ట్రంలోని డేటన్. గ్రీన్ అండ్ గ్రీన్ కంపెనీ 1921లో తెచ్చింది. టోస్టు మీద కరిగిన చీజ్ పోసే వెల్ష్ రేర్‌బిట్ అప్పట్లో అందరికీ తెలిసిన వంటకం కాబట్టి, దీన్ని 'బేక్ చేసిన రేర్‌బిట్' అని అమ్మారు. 1932లో లూస్-వైల్స్ అనే బిస్కెట్ కంపెనీ కొనుక్కుంది, అదే తర్వాత సన్‌షైన్ బిస్కెట్స్ అయింది. 1996లో కీబ్లర్ చేతికి, 2001లో కెలాగ్ చేతికి, 2023లో కెలాగ్ చీలినప్పుడు కెల్లనోవా చేతికి వెళ్లింది. ఇన్ని చేతులు మారినా చీజ్‌ను పైన చల్లకుండా పిండిలోనే కలిపే పద్ధతి మాత్రం పోలేదు.

కరకర_కబుర్లు: చీజ్-ఇట్ రకాల్లో ఎక్స్‌ట్రా టోస్టీ అంటే ఎక్కువసేపు కాల్చినవి. నా లెక్కలో అన్నిట్లోకీ అదే మేలు. స్నాప్డ్ పల్చన, గ్రూవ్స్‌కు గాడులు, పఫ్డ్ లోపల గుల్ల, డ్యుయోజ్‌లో ఒకే డబ్బాలో రెండు రుచులు. వైట్ చెడ్డార్ రంగు తక్కువ, ఘాటు ఎక్కువ. కారం కావాలంటే టబాస్కో అనే మిరప సాస్ కలిపిన హాట్ అండ్ స్పైసీ ఉంది, మన నాలుకకు అది కారమే కాదు.

శాకాహారి_డల్లాస్: మేం తినొచ్చా?

మైదాశాస్త్రి: డబ్బా మీద చీజ్ వివరాల్లో 'ఎంజైములు' (పాలు విరగడానికి వేసేవి, రెన్నెట్ లాంటివి) అని మాత్రమే ఉంటుందండి. దూడ కడుపు నుంచి తీసినవా, సూక్ష్మజీవుల నుంచి వచ్చినవా అన్నది ఆ మాటను బట్టి తేలదు. పట్టింపు ఉంటే ఇంట్లో చేసుకోవడమే మేలు. ఇండియాలో పచ్చచుక్క, అమెరికాలో 'వెజిటేరియన్ రెన్నెట్' అని రాసిన చెడ్డార్ చూసి కొనండి.

ఓవెన్‌పిన్ని: రంగుకు?

మైదాశాస్త్రి: అసలు వాటిలో అన్నాటో (ఒక గింజ నుంచి తీసే రంగు), పాప్రికా (ఒక రకం ఎర్ర మిరపపొడి). ఇంట్లో కాశ్మీరీ కారం పావు టీస్పూను చాలు. పసుపు వద్దు, వాసన పైకి తేలుతుంది.

ఒహాయో_తెలుగు: పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూతెయ్యండి. మెత్తబడితే ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు.